కంచికి వెళ్ళని కథలు

మన యిండ్లలో కథ చెప్పినవారు చివర "కథ కంచికి, మనం ఇంటికి" అని ముగించుట ఆచారము. ఆ మాట చెవిని పడగానే కథ ముగిసినదని పిల్లలకు తెలియును. రాకుమారునకు రాజ్యము దక్కినది, రాక్షసుడు చచ్చినాడు, ఇక అడుగవలసినదేమియు లేదు. కాని మనకు రెండవ రకపు కథలును లేకపోలేదు. విక్రమార్కుని భుజముపై నుండి బేతాళుడు చెప్పిన కథలు కంచికి పోవు. ప్రతి కథయు ఒక ప్రశ్న దగ్గర నిలిచిపోవును. తెలిసియు చెప్పకున్న తల పగులునని బెదిరింపు. ఆ మచ్చుమీదనే చందమామ పత్రిక దశాబ్దముల తరబడి క్రొత్త కథల నల్లినది. రాజు ఉత్తరమును ఊహించి చెప్పడు. కథలో నున్న దానిని ఆధారము చేసికొనియే చెప్పును. ఈ సంగతి జ్ఞాపకముంచుకొందము, దీనితో మనకు ముందు పని యున్నది.

ఈ కాలపు పిల్లలు మక్కువతో చూచుచున్న ఒక చిత్రమాల కలదు. దాని పేరు "లవ్, డెత్ అండ్ రోబాట్స్". టిమ్ మిల్లర్ అను దర్శకుడు దీనిని రూపొందింపగా నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2019 మార్చిలో 18 కథలతో మొదటి సంపుటమును విడుదల చేసెను. తరువాత 2021, 2022, 2025 సంవత్సరములలో మరి మూడు సంపుటములు వచ్చినవి. మొత్తము 45 కథలు. కొద్ది మినహాయింపులతో ఇవి యన్నియు బొమ్మల చిత్రములే. ఒక కథకు మరియొక కథతో సంబంధము లేదు. పాత్రలు వేరు, చిత్రకారులు వేరు, బొమ్మ గీచిన తీరును వేరే. ఒక్కొక్కటి పావుగంటకు అటో ఇటో ముగియును. పెక్కింటికి మూలము పేరుపొందిన వైజ్ఞానిక కల్పనా రచయితల చిన్న కథలు. ఒక హెచ్చరిక మాత్రము చేయవలసి యున్నది: బొమ్మలు గదా యని పసిపిల్లలను ముందు కూర్చుండబెట్టుకొని చూడదగినవి కావు. కొన్నింటిలో హింసయు, శృంగారమును హద్దు మీరి యుండును.

వీనిని చూచినవారు తరచుగా చెప్పు ఫిర్యాదు ఒక్కటే: "బాగానే ఉంది గాని, ఇంతకీ చివరికి ఏమైనట్టు?" ఆ వెంటనే అర్థము చెప్పువారికొరకు వెదకుట. ఎవరో ఒకరు చెప్పుదురు. అది విని, కథ తేలిపోయినదని సంతృప్తి పడుదురు. నాకిది వడ్డించిన విస్తరి విడిచి పొరుగింటి పంక్తిలో కూర్చున్నట్లు తోచును. ముగింపునకు కావలసిన ఆధారములు సాధారణముగా ఆ పావుగంటలోనే యుండును. వానిని ఏరుకొను పద్ధతి మన పెద్దలకు ఎన్నడో తెలియును.

ఒక గ్రంథభాగము యొక్క తాత్పర్యమును నిర్ణయించుటకు మన మీమాంసకులును వేదాంతులును ఆరు గుర్తులు చెప్పినారు. మొదలును తుదియు ఒకదానితో నొకటి పొసగుట, ఒకే మాట మరల మరల వచ్చుట, క్రొత్తగా చెప్పబడినది, ఫలము, ప్రశంస, యుక్తి. శాస్త్రములకొరకు ఏర్పడిన ఈ కొలబద్దను బొమ్మల కథలకు పెట్టుట పండితులకు చాపల్యముగా తోచవచ్చును. అయినను ఇందు మొదటి రెండును, అనగా ఉపక్రమోపసంహారములును అభ్యాసమును, ఎంత పనికివచ్చునో ఒక కథను పట్టుకొని చూతము.

మొదటి సంపుటములో "జీమా బ్లూ" అను కథ యున్నది. మూలకథ బ్రిటిష్ రచయిత ఆలస్టెర్ రేనాల్డ్స్‌ది. చిత్రమును రాబర్ట్ వ్యాలీ నడపెను. జీమా లోకప్రసిద్ధుడైన చిత్రకారుడు. విశ్వమును గోడలపై గీచినవాడు. ఒకనాడు అతని చిత్రము నడుమ ఒక చిన్న నీలి చతురము కనిపించును. తరువాతి చిత్రములో అది కొంత పెద్దది. మరికొన్ని నాళ్ళకు చిత్రమంతయు నీలమే; తుదకు అంతరిక్షము నంటునంతటి నీలపు గోడలు. రేడియోలో బొమ్మ చూపుట సాధ్యము కాదు గనుక శ్రోతలు ఆ నీలమును తామే ఊహించుకొనవలెను: లోతుగాని, తేటయైన, ఇంటి పనులకు వాడు నీలము.

జీమా ఒక పత్రికా రచయిత్రిని పిలిపించి తన చరిత్రము చెప్పును. అతడు మనుష్యుడై పుట్టి, కఠిన పరిస్థితులను తట్టుకొనుటకై దేహమును యంత్రముగా మార్చుకొన్నాడని లోకము నమ్మినది. నిజము దానికి తలక్రిందు. యంత్రకళయందు ఆసక్తిగల యొక యువతి తన యింటి ఈతకొలనును శుభ్రము చేయుటకు ఒక చిన్న యంత్రమును చేసికొన్నది. దానికి రంగులు చూచు కన్ను పెట్టినది, ఆలోచించు శక్తి నిచ్చినది. ఆమె మరణానంతరము అది చేతులు మారుచు, ప్రతి యజమానుని వద్దను ఏదో యొక మెరుగు పొందుచు, క్రమముగా జీమా అయినది. అది మొట్టమొదట చూచినది కొలను పలకల రంగు. ఆ పలకలు చేసినవారు ఆ రంగునకు పెట్టిన పేరే జీమా బ్లూ. ఇది చెప్పిన పిమ్మట, జనులందరును చూచుచుండగా, అతడు ఈతకొలనులోనికి దూకి తన ఉన్నత బుద్ధిని ఆర్పివేసికొని, అంగాంగమును విడదీసికొనును. చివర మిగిలినది పలకలు రుద్దు చిన్న యంత్రము.

మా యింట ఈ చిత్రమును ముగ్గురము చూచితిమి: నేను, కళాశాలలో చదువుచున్న మా మేనల్లుడు, ఎనుబది దాటిన మా అమ్మ. మేనల్లుడు వెంటనే, "ఇది ఆత్మహత్యే గదా మామయ్యా! అంత మేధస్సు, అంత కళ, అన్నీ కొలనులో పారేశాడు," అనెను. ఆ మాట కొట్టివేయదగినది కాదు. ఒక వ్యక్తి తన జ్ఞానమును తానే నశింపజేసికొనుట కండ్ల యెదుట జరిగినది. అయినను ఆ యర్థమును పట్టుకొన్నచో నీలి చతురము ఏమగును? మొదటినుండి ఆ చతురమే గదా మరల మరల వచ్చుచున్నది. అది అభ్యాసము. జీమా తెలియకయే తన తొలి దృశ్యమును గీచుచున్నాడు. ఒక్కొక్క చిత్రములో దానికి మరింత దగ్గరగా జరుగుచున్నాడు. తుదిని అతడు ప్రవేశించినది తన చిత్రములోనికే. నాశమను అర్థము చివరి దృశ్యమునకు సరిపోవును గాని మొదటి దృశ్యమునకు సరిపోదు. తిరిగివచ్చుట యను అర్థము రెండింటికిని సరిపోవును. కనుక నేను రెండవదానికే మొగ్గుదును.

మా అమ్మ ఇంత తర్కము చేయలేదు. "వాడికి పని బాగా చేశానన్న తృప్తి మాత్రం ఉంచుకున్నాడు కదరా, అది చాల్లే," అనెను. ఆమె చెప్పినది సరియే. జీమా సర్వమును ఆర్పివేయడు. చేసిన పనివలన కలుగు చిన్న సంతోషమును అనుభవించుటకు కావలసినంత ఎరుకను నిలుపుకొందునని ముందుగానే చెప్పును. ఈ మాటను మేనల్లుడును నేనును కూడ విన్నాము, లెక్కలోనికి తీసికొనలేదు.

ఈ విధముగా తుదిని మొదటితో ముడివేసి చూచినచో కొన్ని కథలు సులభముగా విడిపోవును. ఆల్బెర్టో మియెల్గో నడపిన "ది విట్నెస్"లో ఒక స్త్రీ ఎదుటి మేడలో జరిగిన హత్యను చూచును. హంతకుడు ఆమెను వెంటాడును. తుదకు ఆమె చేత అతడు చచ్చును. తల యెత్తి చూడగా ఎదుటి కిటికీలో నిలిచి చూచుచున్నవాడు అతడే. ఇక్కడ ఎవరు మొదటి హంతకులని వెదకుట వృథా. చక్రమునకు మొదలుండదు, అంతియే.

మరికొన్ని అంత సులువుగా లొంగవు. 1995లో జపాను దేశమున వచ్చిన "మెమొరీస్" మూడు కథల బొమ్మల చిత్రము. అందు మొదటిది "మాగ్నెటిక్ రోజ్". కత్సుహిరో ఓతొమో కథకు సతోషి కోన్ చిత్రానువాదము వ్రాయగా, కోజీ మొరిమోతో నడపెను. అంతరిక్షములో పాడువడిన వస్తువుల నేరుకొను ఓడవారు ఒక ఆపదపిలుపు విని, ఎన్నడో మరణించిన గాయని జ్ఞాపకములతో నిండిన మేడలో చిక్కుకొందురు. చివర ఒకడు గులాబి రేకులతో పాటు శూన్యములో తేలుచుండును. అతడు బ్రదుకునా? చిత్రము చెప్పదు. ఆధారము లేనిచోట "బ్రదికినాడు" అనువాడును "చచ్చినాడు" అనువాడును ఇద్దరును రచయిత పని తాము చేయుచున్నవారే. ఇట్టి చోట విక్రమార్కునివలె మాటాడుటకంటె ఊరకుండుట మేలు.

ఇక నేను ఎక్కువగా చెప్పదలచినది "బియాండ్ ది ఆక్విలా రిఫ్ట్" గూర్చి. ఇదియు రేనాల్డ్స్ కథయే. బొమ్మలు ఫ్రాన్సు దేశపు యూనిట్ ఇమేజ్ వారివి. మన శ్రవణా నక్షత్రమున్న గరుడ మండలమునకే ఆక్విలా యని పేరు. పాలపుంతలో ఆ దిక్కున నల్లని ధూళి మేఘముల చీలిక యొకటి నిజముగానే యున్నది. కథలో థామ్ అను నావికుని ఓడ దారి లెక్క తప్పి ఆ చీలికకు ఆవల తేలును. నిద్రతొట్టి నుండి లేచునప్పటికి ఎదురుగా పూర్వపరిచయము గల గ్రేటా అను స్త్రీ. ఆమె ఆదరించును. నిజమును కొద్దికొద్దిగా చెప్పును. తోటి నావికురాలు సూజీని లేపగా, ఈమె గ్రేటా కాదని ఆమె కేకలు వేయును. థామ్ పట్టుబట్టును. నీవు దానికి ఇంకను సిద్ధముగా లేవని గ్రేటా వారించును. అయినను వినడు. అప్పుడు తెర తొలగును. సాలెగూటి వంటి చోట చిక్కుకొన్న ఎన్నో ఓడలు, చిక్కి శల్యమైన తన దేహము, చీకటిలో నుండి వచ్చు సాలెపురుగు వంటి ప్రాణి. థామ్ కేక పెట్టును. మరుక్షణము మరల నిద్రతొట్టి, మరల గ్రేటా, మరల అదే పలకరింపు.

ఇందలి కొన్ని దృశ్యములు పెద్దల యెదుట చూడదగినవి కావు గనుక అమ్మకు కథ మాత్రము చెప్పితిమి. మేనల్లుడు దానిని పట్టి తినుటకు పట్టిన సాలెపురుగనెను. నేను ఆధారములను లెక్కించితిని. తినదలచిన ప్రాణి ఇంతకాలము అతనిని బ్రదికించి యుంచవలసిన పని లేదు. అడిగినప్పుడు నిజరూపము చూపవలసిన పనియు లేదు. వేటగాడు వలను చూపునా? దారి తప్పి వచ్చినవారినందరిని తాను కనిపెట్టుకొని యున్నానని ఆమె చెప్పు మాటకు విరుద్ధమైనది చిత్రములో నాకు కనబడలేదు. పైగా తుది దృశ్యము మొదటి దృశ్యమే యైనప్పుడు, మనము మొదట చూచినదియు మొదటిసారి కాకపోవచ్చును. ఆమె ఎన్నిసార్లు ఆ నిజమును చెప్పి, ఎన్నిసార్లు ఆ కేక విని, మరల మరపించెనో! కనుక ఆమె దయామయి యని తీర్పు చెప్పితిని.

"అయితే అతని అనుమతి లేకుండా మరపించడం దయా?" అని మేనల్లుడు ఎదురు ప్రశ్న వేసెను. నాకు సమాధానము తోచలేదు. చిత్రములోను అందుకు ఆధారము లేదు. ఆమె స్వభావమెట్టిదో చెప్పుటకు ఆనవాళ్ళున్నవి గాని, ఆమె చేసినది తగునా యనుటకు ఏ ఆనవాలును లేదు. మొదటిది కథ యొక్క ప్రశ్న, రెండవది మన ప్రశ్న. రెండింటిని ఒకే ముడిగా విప్పబోవుటవలననే ఈ చిత్రముపై వాదములు తెగుట లేదని నా యభిప్రాయము.

అమ్మ అంతవరకు మాటాడలేదు. తరువాత నావైపు తిరిగి, "మీ నాన్నగారికి మనం చెప్పామురా?" అనెను.

మా నాయనగారి జబ్బు నయము కానిదని వైద్యులు మాతో చెప్పిరి. మేము ఆయనతో చెప్పలేదు. కడుపులో పుండనియు, మందులతో తగ్గుననియు చెప్పితిమి. నాలుగు నెలలు ఆ మాట మీదనే నడచినవి. ఆయన రెండుమారులు సూటిగా అడిగిరి. రెండుమారులును నేనే అబద్ధమాడితిని. మన యిండ్లలో ఇట్లు చేయనివారు తక్కువ. దానిని దయ యనియే అందుము. గ్రేటా అడిగినప్పుడు నిజము చూపినది. నేను చూపలేదు. ఆమెను దయామయి యని తీర్పు చెప్పునప్పుడు ఈ సంగతి నాకు జ్ఞాపకము రాలేదు.

మేనల్లుడు, "తాతయ్యకు తెలిసే ఉంటుంది అమ్మమ్మా," అనెను.

"తెలిసే ఉంటుంది," అని అమ్మ లేచి, తులసికోట వద్ద దీపము పెట్టుటకు వెళ్ళెను.