మెడ నిలువని బిడ్డ: నాడీ ప్రసారకముల లోపమును గురించి పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన సంగతులు

గ్రామ పంచాయతీ యనగానే మంచినీటి బావులు, వీధి దీపములు, మురుగు కాలువలు, బాటలు మనకు జ్ఞప్తికి వచ్చును. కాని 1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణ చట్టము చేర్చిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, స్త్రీ శిశు సంక్షేమము, దివ్యాంగుల సంక్షేమము గూడ పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. కావున ఊరిలో ఒక బిడ్డ ఎదుగుట లేదన్న మాట వినబడినప్పుడు, అది ఆ యింటివారి చింత మాత్రమేయని సభ్యులు ఊరకుండుట తగదు.

అట్టి బిడ్డలలో ఏ కొందరినో పీడించు ఒక వ్యాధిని గురించి ఇచట వివరింపదలచితిమి. ఇది మిక్కిలి అరుదైనది. అయినను దీనిని వేరొక జబ్బుగా భ్రమించి సంవత్సరములు వృథాపుచ్చుట మాత్రము అరుదు కాదు.

వ్యాధి కనిపించు తీరు

బిడ్డ పుట్టినప్పుడు చూచుటకు బాగుగనే యుండవచ్చును. మాసములు గడచుకొలది తేడా తెలియును. మెడ నిలువదు. ఎత్తుకొన్నచో కాలుసేతులు వ్రేలాడును. కొన్ని దినముల కొకసారి కనుగ్రుడ్లు పైకి పోయి అక్కడనే నిలిచిపోవును, మెడ వెనుకకు గాని ప్రక్కకు గాని తిరిగిపోవును, కాలుసేతులు మెలివడును. ఈ స్థితి కొన్ని గంటలపాటు సాగవచ్చును.

ఇవి గాక, పైకి సంబంధము లేనట్లు తోచు చిక్కులు మరికొన్ని కలవు. ముక్కు తరచుగా దిబ్బడ వేసియుండును. ఉక్క లేకున్నను చెమట కారును. ఒళ్లు ఒకప్పుడు వెచ్చబడి, ఒకప్పుడు చల్లబడును. కనురెప్పలు వాలియుండును. చొంగ కారును. నిద్ర సరిగా పట్టదు. రక్తపుపోటును, రక్తములోని చక్కెరయు పడిపోవుట కలదు. నిద్ర లేచిన వెంటనే బిడ్డ కొంత తెరపిగా నుండి, ప్రొద్దు వాలుకొలది బాధ హెచ్చుట పెక్కురిలో కనిపించును. ఈ సంగతిని మొట్టమొదట గమనించునది తల్లియే. వైద్యునకు ఆమె మాట మిక్కిలి విలువైనది.

ఇట్టి బిడ్డను చూచి గాలి సోకినదనియు, బాలగ్రహమనియు, దిష్టి యనియు చెప్పువారు నేటికిని కలరు. తాయెత్తులతో కాలము గడపుట యొక నష్టము. వాతలు పెట్టించుట అంతకంటె ఘోరము. చదువుకొన్నవారు సైతము కనుగ్రుడ్లు పైకి పోవుటను మూర్ఛయని తలచుట పరిపాటి. పుట్టుకనాడు మెదడునకు కలిగిన దెబ్బ యని తలచుటయు కలదు.

నాడుల నడుమ వార్త

మనము తలచినగాని చేయి కదలదు. కాని గుండె కొట్టుకొనుట, చెమట పట్టుట, ఒంటి వేడిమి సమముగా నుండుట, అన్నము జీర్ణమగుట మన యాజ్ఞకై వేచియుండవు. వీనిని నడపు నాడుల సముదాయమునకు స్వయంచోదిత నాడీమండలమని పేరు. ఊరందరు నిద్రించు వేళ నీరుకట్టువాడు చెరువు తూమును కనిపెట్టియుండునట్లు, ఇది రేయింబవళ్లు మన శరీరమును కనిపెట్టియుండును.

ఒక నాడీకణమునకును మరియొక నాడీకణమునకును నడుమ కంటికి కానరాని సందు కలదు. ఈ సందును దాటించి వార్తను మోయునవి కొన్ని రసాయనిక పదార్థములు. 1921లో ఆటో లోవీ యను శాస్త్రజ్ఞుడు ఆస్ట్రియాలోని గ్రాట్జ్ నగరమందు ఈ విషయమును కప్ప గుండెలతో నిరూపించెను. ఒక గుండెకు పోవు నాడిని ప్రేరేపింపగా అది మెల్లగా కొట్టుకొనసాగెను. ఆ గుండెను తడిపిన ద్రవమును తీసి రెండవ గుండెపై పోయగా, దాని నాడిని తాకకున్నను అదియు మెల్లగించెను. వార్తను మోసినది ద్రవములోని పదార్థమేయని తేలినది. ఈ పరిశోధనకు 1936లో ఆయన హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ బహుమతి నందెను. ఇట్టి పదార్థములనే న్యూరోట్రాన్స్‌మిటర్లు, అనగా నాడీ ప్రసారకములు అందురు. డోపమైన్, సెరటోనిన్, నారడ్రినలిన్ అనునవి వానిలో కొన్ని.

ఒకే తూము, రెండు కాలువలు

మనము తిను పప్పు, పాలు, గ్రుడ్డు మొదలగు మాంసకృత్తులనుండియే ఈ ప్రసారకముల ముడిసరుకు లభించును. దానినుండి శరీరము మొదట లీవోడోపా యను పదార్థమును, పిదప డోపమైనును తయారుచేయును. డోపమైనునుండి నారడ్రినలిన్, అడ్రినలిన్ పుట్టును. సెరటోనిన్ వేరొక వరుసలో తయారగును. అయినను ఈ రెండు వరుసలును ఒకే ఎంజైము గుండా సాగవలెను. ఆ ఎంజైమునకు సంక్షేపముగా ఎ.ఎ.డి.సి. యని పేరు.

చెరువు నిండుగా నున్నను తూము మూసికొనిపోయినచో రెండు కాలువల క్రింది పొలములును ఎండును. ఎ.ఎ.డి.సి. లోపించిన బిడ్డ స్థితి యిదియే. డోపమైన్ చాలనందున కదలిక చెడును. నారడ్రినలిన్, అడ్రినలిన్ చాలనందున రక్తపుపోటు మొదలగు స్వయంచోదిత క్రియలు తప్పును. సెరటోనిన్ కొరతవలన నిద్రకును, మనస్థితికిని చిక్కు కలుగును. ఈ వ్యాధిని మొదట 1990లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు కవల శిశువులలో గుర్తించి వర్ణించిరి. తైవాన్ దీవిలో ఇది తక్కిన దేశములకంటె ఎక్కువగా కనబడుచున్నది.

ఎట్లు కనుగొందురు

నిపుణులు నడుమున సూదిచొప్పించి వెన్నునీటిని తీసి, అందలి ప్రసారకముల అవశేషములను కొలుతురు. తూము మూసికొన్నప్పుడు చెరువులో నీరు పైకెక్కినట్లు, వాడుకగాని లీవోడోపానుండి పుట్టు ఒక పదార్థము రక్తములో పేరుకొనును. కాగితముపై ఆరబెట్టిన రక్తపు బొట్టునుండియే దానిని కొలువవచ్చును. రక్తములో ఎంజైము బలమును చూచుట, జన్యుపరీక్ష చేయుట యనునవి నిర్ధారణకు తోడ్పడును. మెదడు విద్యుత్తును కొలుచు ఇ.ఇ.జి. పరీక్షలో, కనులు పైకి పోయిన సమయమందు సైతము, మూర్ఛ లక్షణములు సాధారణముగా కనబడవు. మూర్ఛ మందులకు లొంగని బిడ్డ విషయమందు ఈ సంగతి తప్పక ఆలోచింపదగినది.

చికిత్స

బి6 విటమిను ఈ ఎంజైమునకు తోడుగా పనిచేయునది గనుక దానిని, డోపమైనునకు బదులుగా పనిచేయు మందులను, ఉన్న డోపమైన్ త్వరగా నశింపకుండ కాపాడు మందులను వైద్యులు ఇత్తురు. వీనివలన కొందరికి మేలు కలుగును. తీవ్రముగా నున్నవారికి చాలవు. లోపించిన జన్యువును శస్త్రచికిత్సద్వారా మెదడులోనికి చేర్చు చికిత్సకు ఐరోపా సమాఖ్య 2022 జూలైలోను, అమెరికా 2024 నవంబరులోను అనుమతి నొసగినవి. ఈ చికిత్స పొందిన బిడ్డలలో కొందరికి మెడ నిలిచినది, కొందరు కూర్చుండగలిగిరి. అయితే అది మిక్కిలి ఖరీదైనది.

ఇదే కుటుంబమునకు చెందిన వేరొక వ్యాధిని గూడ చెప్పవలసియున్నది. 1970 దశకములో జపాను వైద్యుడు మసయా సెగావా వర్ణించిన ఈ వ్యాధిలో పిల్లలు ఉదయము చక్కగా నడచి, సాయంకాలమునకు కాళ్లు బిగిసి తడబడుదురు. డోపమైన్ కొరతయే దీనికిని మూలము. కాని కొలది మోతాదులో లీవోడోపా నిచ్చినంతనే పెక్కుమంది లేచి తిరుగుదురు. ఇట్టి బిడ్డను పుట్టు అవిటివాడని మూల కూర్చుండబెట్టుటకంటె దుఃఖకరమైన దేమున్నది?

మేనరికమును గురించి

ఎ.ఎ.డి.సి. లోపము తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి చొప్పున రెండు లోపజన్యువులు కలిసినప్పుడే వచ్చును. తల్లిదండ్రులు ఆరోగ్యవంతులుగనే యుందురు. అట్టి దంపతులకు ప్రతి కాన్పునందును నాలుగింట నొక వంతు ప్రమాదము కలదు. మేనరికములందును, అక్క కూతురిని వివాహమాడుటయందును ఒకే లోపజన్యువు ఇరువురికి నుండు అవకాశము హెచ్చును. కాని బయటి సంబంధములందును ఈ వ్యాధి రావచ్చును. మేనరికము చేసికొన్న పెక్కుమందికి బిడ్డలు ఆరోగ్యముగనే కలరు. కావున తల్లిని నిందించుట అన్యాయము. మరల గర్భము ధరింపకముందే జన్యు వైద్యుని సలహా పొందుట వివేకము.

సభ్యులు చేయదగిన పనులు

మొదటిది, గుర్తించుట. నాలుగైదు మాసములకును మెడ నిలువని బిడ్డ, తరచు కనులు పైకి పోవు బిడ్డ ఊరిలో ఉన్నదేమోయని ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ కార్యకర్తను అడిగి తెలిసికొనవలెను.

రెండవది, పంపుట. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినది మొదలు పదునెనిమిది ఏండ్లవరకు పిల్లలకు ఉచిత పరీక్షలు జరుగును. వైద్యబృందము అంగన్‌వాడీకి వచ్చు దినమున అట్టి బిడ్డను తప్పక చూపింపవలెను. అచటినుండి జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. అరుదైన వ్యాధుల జాతీయ విధానము, 2021 క్రింద గుర్తింపబడిన ప్రత్యేక కేంద్రములలో హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రి యొకటి.

మూడవది, జాగ్రత్త చెప్పుట. ఇట్టి బిడ్డను పస్తుంచరాదు, చక్కెర పడిపోవును. వాంతులకు సామాన్యముగా వాడు మెటోక్లోప్రమైడ్ డోపమైను పనిని అడ్డగించునది గనుక ఈ బిడ్డలకు ఈయరాదు. ఏ మందైనను కొనుటకు ముందు వ్యాధి పేరు వ్రాసిన చీటీని చూపింపవలెను.

నాలుగవది, హక్కును ఇప్పించుట. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములో దీర్ఘకాలిక నాడీవ్యాధులు గూడ చేర్చబడినవి. ధ్రువపత్రము పొందుటకు ఆ కుటుంబమునకు తోడుపడవలెను. కూలికి పోవు తల్లిదండ్రులకు పట్టణమునకు పోయివచ్చు ఖర్చులే మొదటి అడ్డంకి యగును. వారి వెంట ఒకరిని పంపుటయు సహాయమే.

వైద్యము చేయుట పంచాయతీ పని కాదు. బిడ్డ వైద్యుని చేరులోగా జరుగు ఆలస్యమును తగ్గించుట మాత్రము పంచాయతీ చేతిలోనిదే. పసితనములో పోయిన కాలము మరల రాదు. తూము ఎక్కడ మూసికొన్నదో నెమ్మదిగా వెదకు వ్యవధి ఆ బిడ్డకు లేదు. రాబోవు సమావేశమునందే ఊరిలోని ఎదుగని పిల్లల పేర్లు వ్రాసికొనవలెనని సభ్యులను కోరుచున్నాము.