పోటు, పాటు – పడవ లెక్క

కాకినాడ తీరంలో సముద్రపు కాలవలు ఉన్నాయి. ఆ కాలవల్లో చేపల పడవలు కట్టి ఉంటాయి. పొద్దున చూస్తే పడవలు నీళ్ళ మీద ఊగుతుంటాయి. మధ్యాహ్నం చూస్తే కొన్ని పడవలు బురదలో కూర్చుని ఉంటాయి. నీరు ఎటు పోయింది? ఎవరూ తోడలేదు. సముద్రంలోకి పోయింది. సాయంత్రానికి మళ్ళీ వస్తుంది.

నీరు పొంగి రావడాన్ని పోటు అంటారు. వెనక్కి తీయడాన్ని పాటు అంటారు. రెండూ కలిపి ఆటుపోట్లు.

పడవ బురదలో కూర్చుంటే నష్టం ఏంటి? అడుగు చదునుగా ఉన్న చిన్న పడవకు పెద్ద నష్టం లేదు. అడుగు కోసుగా, లోతుగా ఉన్న పడవ పక్కకు ఒరుగుతుంది. పోటు నీరు తిరిగి వస్తుంది. పడవ లేవకముందే నీరు అంచు మీదుగా లోపలికి దూరుతుంది. ఇంజను తడుస్తుంది. వలలు పాడవుతాయి. ఒడ్డున గంప పట్టుకుని ఎదురుచూసే ఆడవాళ్ళకు ఆ రోజు బేరం ఉండదు. డీజిలుకు, ఐసుకు తెచ్చిన అప్పు మాత్రం ఉంటుంది.

అందుకే పడవ కట్టేముందు నీటి లెక్క తెలియాలి.

పోటు ఎందుకు వస్తుంది?

చంద్రుడు సముద్రపు నీటిని తన వైపు లాగుతాడు. చంద్రుడికి ఎదురుగా ఉన్న వైపున నీరు ఉబ్బుతుంది. భూమికి అవతలి వైపున కూడా ఉబ్బుతుంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది కదా! అందుకే మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. పోటుకూ పాటుకూ మధ్య సుమారు 6 గంటలు పడుతుంది.

ఈ రోజు పొద్దున 6 గంటలకు నిండు పోటు వచ్చిందనుకోండి. రేపు అదే పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఈలోగా చంద్రుడు కాస్త ముందుకు జరుగుతాడు. అదే కారణం.

సూర్యుడు కూడా నీటిని లాగుతాడు. అమావాస్యకు, పున్నమికి సూర్యుడూ చంద్రుడూ ఒకే వరుసలో లాగుతారు. అప్పుడు పోటు బాగా ఎక్కువ. పాటులో నీరు బాగా తక్కువ. అష్టమి వైపు ఇద్దరూ వేరు వేరు దిక్కులకు లాగుతారు. అప్పుడు పోటుకూ పాటుకూ తేడా తక్కువ. తిథి గడిచిన ఒకటి రెండు రోజులకు ఈ మార్పు బాగా కనిపిస్తుంది.

విశాఖపట్నంలో అమావాస్య, పున్నమి రోజుల్లో ఈ తేడా సుమారు 1.4 మీటర్లు ఉంటుంది. అష్టమికి సుమారు అర మీటరు ఉంటుంది. గుజరాత్‌లో భావనగర్ దగ్గర తేడా సుమారు 10 మీటర్లకు చేరుతుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు! అందుకే ఆ రేవులో నీరు పోకుండా పెద్ద తలుపు కట్టారు.

లోతు ఎలా కొలుస్తారు?

తక్కువ లోతులో గెడతో కొలుస్తారు. గెడ మీద 10 సెంటీమీటర్లకు ఒక గీత పెట్టుకోవాలి. గీత పక్కన అంకె రాసుకోవాలి. గెడను నిలువుగా దించి, తడి ఎంతవరకు ఉందో చూడాలి.

ఎక్కువ లోతుకు తాడు కావాలి. తాడు చివర బరువైన గుండు కట్టి నీటిలో వదులుతారు. గుండు అడుగున తగలగానే తాడు వదులవుతుంది. అప్పుడు తాడును బారలతో కొలుస్తారు. రెండు చేతులూ చాపితే ఒక బార. పూలదండను మూరలతో కొలిచినట్టే ఇది. బారకు నాలుగు మూరలు.

కొలిచిన లోతు ఆ గంటకు మాత్రమే నిజం. ఆరు గంటలు పోయాక ఎంత ఉంటుందో లెక్క కట్టాలి.

పన్నెండు వంతుల లెక్క

నీరు అన్ని గంటల్లోనూ ఒకేలా తగ్గదు. మొదట నెమ్మదిగా తగ్గుతుంది. మధ్యలో జోరుగా తగ్గుతుంది. చివర మళ్ళీ నెమ్మదిస్తుంది. పోటుకూ పాటుకూ ఉన్న తేడాను 12 వంతులు చేయండి. మొదటి గంటలో 1 వంతు తగ్గుతుంది. రెండో గంటలో 2, మూడో గంటలో 3 వంతులు. నాలుగో గంటలో 3, అయిదో గంటలో 2, ఆరో గంటలో 1 వంతు. కూడి చూడండి. మొత్తం 12.

ఒక పున్నమి రోజు లెక్క చూద్దాం. తేడా 120 సెంటీమీటర్లు. ఒక వంతు 10 సెంటీమీటర్లు. పొద్దున 6 గంటలకు నిండు పోటు. గెడ పెడితే లోతు 180 సెంటీమీటర్లు.

7 గంటలకు 170.
8 గంటలకు 150.
9 గంటలకు 120.
10 గంటలకు 90.
11 గంటలకు 70.
12 గంటలకు 60.

బరువుతో ఉన్న పడవ 70 సెంటీమీటర్లు మునిగి ఉందనుకోండి. 11 గంటలకు అడుగు బురదకు తగులుతుంది. అలలకు పడవ లేచి పడుతుంది. అందుకని 30 సెంటీమీటర్లు అదనంగా ఉంచుకోవాలి. 70, 30 కలిపితే 100. కాబట్టి తొమ్మిదిన్నర లోపే పడవను లోతుకు తీయాలి. పొద్దున 180 చూసి "నీరు చాలా ఉందిలే" అనుకుంటే మోసపోయినట్టే.

ఇంకో సంగతి. పాటు వేళ ఇరుక్కున్న పడవ మళ్ళీ పోటు వస్తే లేస్తుంది. కానీ పున్నమి నిండు పోటు మీద మెరకలో ఇరుక్కుంటే? ఆ తర్వాత కొన్నాళ్ళు పోట్లు తగ్గుతూ పోతాయి. ఆ పడవ మళ్ళీ అమావాస్య దాకా కదలకపోవచ్చు. పదిహేను రోజుల వేట పోయినట్టే.

తాడు ఎంత వదలాలి?

నిండు పోటులో తాడు బిగించి గట్టుకు కడితే ఏమవుతుంది? నీరు తగ్గుతుంది. పడవ తాటికి వేలాడుతుంది. తాడు తెగుతుంది, లేదా తాడు కట్టిన కొయ్య ఊడుతుంది. పాటులో బిగించి కడితే నీరు పెరిగినప్పుడు పడవ పైకి లేవలేదు. ముక్కు కిందికి వంగి నీరు ఎక్కుతుంది.

అందుకే తాడు వదులుగా ఉండాలి. పోటు పాటుల తేడాకు కనీసం మూడింతలు పొడవు ఉంటే మేలు. లంగరు వేస్తే నిండు పోటు లోతుకు కనీసం అయిదింతలు తాడు వదలాలి. పక్క పడవకు తగలకుండా చోటు చూసుకోవాలి. గట్టుకు రాసుకోకుండా పాత టైర్లు వేలాడదీయాలి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరపడవలు కట్టేసి ఉంటాయి. అప్పుడు కూడా అమావాస్యకు, పున్నమికి తాళ్ళు చూసుకోవాలి.

లెక్కకు అందనివి

గోదావరి ఒండ్రు తెస్తుంది. ఇసుక మేట వేస్తుంది. కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలండ్ అలా పెరిగిన ఇసుక దిబ్బే. నిరుడు లోతుగా ఉన్న కాలవ ఈ ఏడు మెరక కావచ్చు. వరద తర్వాత, తుఫాను తర్వాత లోతు మళ్ళీ కొలవాలి.

గాలి కూడా నీటిని మారుస్తుంది. తుఫాను గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది. అదే ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చి వేల మంది చనిపోయారు. తుఫాను హెచ్చరిక వస్తే పోటు లెక్క చూసుకుంటూ కూర్చోకూడదు. ముందు మనుషులు క్షేమంగా ఉండాలి.

చదువు ఇక్కడ ఏం చేస్తుంది?

ప్రతి ఏడూ సర్వే ఆఫ్ ఇండియా పోటు పాటుల పట్టిక అచ్చు వేస్తుంది. అందులో ఏ రేవుకు ఏ గంటకు ఎంత నీరో అంకెల్లో ఉంటుంది. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. అది అలల సంగతి, ఉప్పెన సంగతి ముందుగా చెబుతుంది. అంకెలు వచ్చినవాళ్ళు ఈ పట్టిక చదవగలరు. తిథి, గడియారం, గెడ మీది గీత, ఈ మూడూ చూసి లెక్క కట్టగలరు.

ఈ లెక్క పడవ నడిపేవాళ్ళకే కాదు. పాటు వేళ గుల్లలు ఏరడానికి బురదలోకి వెళ్ళే ఆడవాళ్ళకూ కావాలి. పోటు మూడో గంట, నాలుగో గంటల్లో నీరు జోరుగా పెరుగుతుంది. ఆలోపే గట్టు చేరాలి.

ఇంట్లో బియ్యం నిండుగా ఉన్న రోజు చూసి ఖర్చు పెడతామా? నెలాఖరు చూసి పెడతాం. పడవ లెక్క కూడా అంతే. నిండు పోటు చూసి కట్టకూడదు. అన్నిటికన్నా తక్కువ నీరు ఎంతో చూసి కట్టాలి.

మీరే లెక్క కట్టండి

అదే చోటు. అదే పడవ. అష్టమి నాడు నిండు పోటులో లోతు 150 సెంటీమీటర్లు. తేడా 60 సెంటీమీటర్లు.

1. ఒక వంతు ఎంత?
2. నిండు పాటులో లోతు ఎంత?
3. పడవ బురదకు తగులుతుందా? అదనంగా 30 సెంటీమీటర్లు మిగులుతుందా?

జవాబులు: 1. ఒక వంతు 5 సెంటీమీటర్లు. 2. లోతు 90 సెంటీమీటర్లు. 3. తగలదు. కానీ అదనంగా 20 సెంటీమీటర్లే మిగులుతుంది. అలలు ఉన్న రోజైతే పడవను ఇంకా లోతుకు తీయడమే మంచిది.