వికలాంగులైన బిడ్డలు - చట్టమిచ్చిన హక్కులు

చూపు లేని బిడ్డను, వినికిడి లేని బిడ్డను "వీనికి చదువెందుకు?" అని ఇంటనే ఉంచు తలిదండ్రులు మనలో నేటికిని కలరు. అది దయ యని వారి తలంపు. చట్టము మాత్రము ఆ బిడ్డ చదువును హక్కుగా నెంచినది. ఈ సంగతి పెద్దలకును విద్యార్థులకును తెలియుట అవసరమని యెంచి ఇచట వివరించుచున్నాము.

వికలాంగుల కొరకు 1995లో వచ్చిన చట్టమునందు ఏడు విధముల వైకల్యములే పేర్కొనబడెను. దాని స్థానమున 2016లో చేయబడి, 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి అమలులోనికి వచ్చిన చట్టము ఆ సంఖ్యను 21కి పెంచినది. క్రొత్తగా చేరినవానిలో మన కోరాపుట్, రాయగడ ప్రాంతములకు మిక్కిలి సంబంధించినది సికిల్ సెల్ వ్యాధి. రక్తములోని ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి సన్నని నాళములలో చిక్కుకొనుటచే భరింపరాని నొప్పి కలుగును. ఇది తలిదండ్రులిరువురి నుండియు సంక్రమించునది, అంటువ్యాధి కాదు. చలియు, చాలినంత నీరు త్రాగకపోవుటయు దీనిని రేపును. అట్టి బాలుడు పైకి ఆరోగ్యవంతునివలె కనబడుటచే, బడికి రానినాడు సోమరి యని నింద పడుచుండును. కంటికి కానరాని వైకల్యమును కూడ చట్టము గుర్తించినదని తోటి విద్యార్థులు గ్రహింపవలెను.

వైకల్యము నూటికి 40 పాళ్లు లేక అంతకు మించి ఉన్నదని వైద్యులు ధ్రువపరచినచో, 6 మొదలు 18 ఏండ్ల వరకు సమీపమందలి బడిలోగాని, కోరుకొనిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువవచ్చును. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో నూటికి 5 స్థానములు, ప్రభుత్వోద్యోగములలో నూటికి 4 అట్టివారికి ప్రత్యేకింపబడినవి. బడిలో చేర్చుకొనుటకు ఈ 40 పాళ్ల నిబంధన లేదు. పరీక్షలో వ్రాయసకాని సహాయము కూడ ఆ 40 పాళ్లవారికే పరిమితము కాదని 2021 ఫిబ్రవరి 11వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వ్రాయునప్పుడు వ్రేళ్లు బిగుసుకొనిపోవు ఒక అభ్యర్థి విషయమున వచ్చిన తీర్పది.

చట్టములోని 17వ సెక్షను మనకు విశేషముగా పనికివచ్చును. తెలుగు మాధ్యమమున చదువు మన పిల్లలకు ఇంటి భాషతోబాటు ఒడియా, ఆంగ్లము మొదలగు భాషల భారము కలదు. వినగలిగిన పిల్లవానికి ఒడియా సంతలో, వీధిలో చెవిని పడుచునే వచ్చును. వినలేని బిడ్డకు ఆ దారి మూతపడినది. ప్రతి మాటను కంటితోనే, క్రొత్త లిపిలో నేర్వవలెను. కావుననే రెండవ, మూడవ భాషలనుండి మినహాయింపును, పరీక్షలో అదనపు కాలమును ఏర్పాటు చేయవలెనని ఆ సెక్షను ప్రభుత్వములను ఆదేశించుచున్నది. దీనికి పరీక్షలకు చాల ముందుగనే ప్రధానోపాధ్యాయుని ద్వారా దరఖాస్తు చేయవలెను. ఐతే మినహాయింపు బలవంతము కాదు. ఈ రాష్ట్రమున ఉద్యోగమునకు ఒడియా పరిజ్ఞానము అడుగుట కలదు గనుక, నేర్వగల బిడ్డచే నేర్పించుటయే మేలని మా అభిప్రాయము.

వీనిలో పెక్కింటికి మూలము వైకల్య ధ్రువపత్రము. నివసించు జిల్లాలోని వైద్యాధికారులు దానిని ఇత్తురు. అది దేశమంతటను చెల్లును. రాయగడలో పొందిన పత్రము పార్వతీపురమున చెల్లదని ఎవరైన అన్నచో ఆ మాట చట్టమునకు విరుద్ధము.

ఇప్పుడు వికలాంగులను దివ్యాంగులనియు పిలుచుచున్నారు. పేరు మారినంతమాత్రమున బడి మెట్లు తగ్గవు. కాని వికలాంగుని పదిమంది ఎదుట బుద్ధిపూర్వకముగా అవమానించుట 6 నెలల నుండి 5 ఏండ్ల వరకు ఖైదు పడదగిన నేరమని 92వ సెక్షను చెప్పుచున్నది. ఎగతాళి పేర్లు పెట్టువారు దీనిని చదువుదురు గాక.

"మాకు ఒడియా వ్రాయరాదు, కచ్చేరీకి ఎట్లు పోదుము?" అని తలిదండ్రులు వెనుదీయుదురు. 1936 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము ఈ సీమ విశాఖపట్టణము జిల్లాలోనిది; ఇచట మన భాష నిన్న వచ్చినది కాదు. అదియట్లుండ, దేశములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషయందైనను అధికారులకు విన్నపము చేసికొనవచ్చునని రాజ్యాంగము 350వ అధికరణమున పలికినది. కావున అర్జీని తెలుగుననే వ్రాయవచ్చును. ఒడియా అనువాదమొకటి జతపరచినచో పని త్వరగా సాగును. ఒడియా వచ్చిన పై తరగతి విద్యార్థులు ఇందుకు తోడ్పడవచ్చును. అర్జీ నకలుపై ముట్టినట్లు సంతకము, తేదీ వేయించుకొని ఇంట భద్రపరచుకొనవలెను.