యంత్రము ఊరిపేరును ఎట్లు ఏరును?

వేలకొలది పుటలుగల పత్రములలో ఏయే ఊళ్ల పేర్లున్నవో ఏరి యిమ్మన్నచో, అర్థమెరుగని కంప్యూటరు ఆ పని యెట్లు చేయగలదు? ఊళ్ల పేర్ల పట్టికనొకదానిని ముందుగా దానికిచ్చి, పత్రములోని అక్షరములతో పోల్చి చూడుమందుము. అయితే పట్టికలో పదివేల పేర్లున్నప్పుడు, ఒక్కొక్క పేరునకై పత్రమును మొదటినుండి చదువుట ఎంత వ్యర్థప్రయాస!

ఈ చిక్కును విడదీసినవారు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన ఆల్‌ఫ్రెడ్ ఆహో, మార్గరెట్ కొరాసిక్. 1975లో వారు ప్రకటించిన పద్ధతిలో పేర్లన్నియు ఒక వృక్షముగా అల్లబడును. 'విజయవాడ', 'విజయనగరం' అను రెండును 'విజయ' వరకు ఒకే కాండముగా సాగి, అటుపిమ్మట రెండు కొమ్మలుగా చీలును. ఒక కొమ్మపై అక్షరము కుదరకపోయినచో, అంతవరకు చదివినదాని తుదిభాగము మరియొక పేరునకు మొదలైన పక్షమున, ముందే గుర్తించి యుంచిన దారివెంట యంత్రము నేరుగా అచటికి మరలును; కనుక పత్రమును ఒక్కసారి చదివిన చాలును. ఇంత సుందరమైన యుపాయములు గణితమున అరుదుగా కనబడును.

ఐనను తెలుగున ఇంతమాత్రము చాలదు. పట్టికలో 'తుని' యున్నదనుకొనుడు: 'స్నేహితుని యిల్లు' అన్నచోటను యంత్రము తుని పట్టణమునే చూచును. అందుకై పదారంభముననే పోల్చుమని నియమము పెట్టవలెను. పదాంతము మరింత కఠినము. పట్టికలో 'గుంటూరు' ఉన్నను, 'గుంటూరికి' అన్నచో తుది యక్షరము మారి పేరు జారిపోవును. కావున విభక్తులు చేరిన రూపములనుగూడ పట్టికలో చేర్చుదురు, లేదా ప్రత్యయమును ముందుగా విడదీయుదురు. ఇక మన యింటిపేర్లలో ఎన్నో ఊళ్లు దాగియున్నవి; 'ఏలూరి' యన్నది ఊరో, ఇంటిపేరో తేల్చుటకు ఏ పట్టికయు చాలదు, ఇరుగుపొరుగు పదములనుగూడ పరిశీలింపవలసినదే.