జెట్ ఇంజిను గర్జన: అందులో బలమెంత, వృథా ఎంత?

విమానం తలమీదుగా పోతున్నపుడు ఒక్కసారైనా తలయెత్తి చూడనివారుండరు. కాని, ఆ విమానపు రెక్క క్రింద వ్రేలాడే ఇంజిను ఆకాశానికి చేరకముందే, ఆ నమూనాకు చెందిన ఇంజిన్లు నేలమీద వందలకొద్దీ గంటలు పరీక్షకు నిలిచి ఉంటాయన్న సంగతి మనలో చాలామందికి తట్టదు. పరీక్ష అన్న మాట విద్యార్థులకు కొత్తది కాదు. మన పరీక్ష మూడు గంటలలో ముగుస్తుంది. తప్పినా మరల వ్రాసుకొనే వీలుంటుంది. ఇంజిను మాత్రం ఉక్కు చట్రానికి బిగింపబడి, ఉన్నచోటనుండి కదలకుండా, తన పూర్తి బలాన్ని చూపించవలసి ఉంటుంది. అక్కడ బయటపడని లోపం ఆకాశంలో బయటపడితే, మరల వ్రాసుకొనే అవకాశం ఎవరికీ ఉండదు.

అటువంటి పరీక్షాస్థలంలో పుట్టే ధ్వని అతి భీకరమైనది. దానిని విన్నవారు ‘ఆహా, ఎంత శక్తి!’ అనుకోవడం సహజం. కాని భౌతికశాస్త్రం చెప్పే మాట వేరు. ఆ గర్జన ఇంజిను బలం కాదు. బలాన్ని పుట్టించే పనిలో చేజారిపోయిన చిల్లర మాత్రమే. ఈ విషయాన్ని వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

మొదటి పరీక్ష

1937 ఏప్రిల్ 12వ తేదీన ఇంగ్లండులోని రగ్బీ పట్టణంలో, బ్రిటిష్ థామ్సన్-హూస్టన్ కర్మాగారంలో, ఫ్రాంక్ విటిల్ అనే ఇరవైతొమ్మిదేండ్ల వైమానికదళాధికారి తాను రూపకల్పన చేసిన జెట్ ఇంజినును మొట్టమొదటిసారి నడిపించాడు. ఆ ఇంజినుకు ఆయన 1930లోనే పేటెంటు కోరి ఉన్నాడు. ఇంధనపు కవాటం తెరిచీ తెరవగానే ఇంజిను కీచుమని అరుస్తూ వేగం పుంజుకొన్నది. విటిల్ కవాటాన్ని మూసివేశాడు. అయినా వేగం తగ్గలేదు సరిగదా ఇంకా పెరిగింది. చుట్టూ ఉన్న పనివారు ప్రాణభయంతో పరుగెత్తారు. కొంతసేపటికి ఇంజిను తనంతట తానే శాంతించింది. ముందుగానే కారిన ఇంధనం లోపల మడుగు కట్టి, అదే మండుతూ ఉండడమే ఇందుకు కారణమని తరువాత తేలింది. ఆ లోపం నేలమీదనే కనబడింది గనుక సరిదిద్దబడింది. 1941 మే 15న విటిల్ ఇంజినుతో బ్రిటన్‌లోని తొలి జెట్ విమానం ఎగిరింది. అప్పటికే, 1939 ఆగస్టు 27న, జర్మనీలో హాన్స్ ఫాన్ ఓహైన్ రూపొందించిన ఇంజినుతో ప్రపంచపు మొదటి జెట్ విమానం ఎగిరి ఉన్నది.

బలం ఎక్కడిది?

జెట్ ఇంజిను పనిచేసే తీరు సులభంగానే అర్థమవుతుంది. ముందునుండి గాలిని పీల్చి, దానిని నొక్కి, అందులో ఇంధనాన్ని మండించి, వేడెక్కి వ్యాకోచించిన వాయువును వెనుకకు వెలువరిస్తుంది. పోయే దారిలో ఆ వాయువు టర్బైనును త్రిప్పుతుంది. ఆ టర్బైనే ముందున్న పంకాను, గాలిని నొక్కే భాగాన్ని త్రిప్పుతుంది. గాలిని వెనుకకు నెట్టినంత బలంతో ఇంజిను ముందుకు నెట్టబడుతుంది. ఇది మనం పాఠశాలలో చదువుకొన్న న్యూటన్ మూడవ సూత్రమే.

ఇప్పుడు అంకెలు చూద్దాం. జీఈ 90-115బి అనే పెద్ద ఇంజిను పూర్తి బలంతో నడిచేటపుడు సెకనుకు సుమారు 1,600 కిలోగ్రాముల గాలిని మ్రింగుతుంది. గాలి ఎంత తేలికో మనకు తెలుసు, ఘనమీటరుకు 1.2 కిలోగ్రాములు మాత్రమే. కాబట్టి పది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు గల తరగతి గదులు నాలుగింటిలోని గాలిని ఆ ఇంజిను ఒక్క సెకనులో ఖాళీ చేస్తుందన్నమాట. ఆ గాలి సగటున సెకనుకు 320 మీటర్ల వేగంతో వెనుకకు పోతుందనుకొంటే, 1,600ను 320తో గుణించగా 5,12,000 న్యూటన్లు వస్తుంది. అంటే దాదాపు 52 టన్నుల బరువును ఎత్తగల బలం. ఈ బలానికే అభిబలమని పేరు.

దీనికంటె పెద్దదైన జీఈ9ఎక్స్ అనే ఇంజిను 2017 నవంబరు 10న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పీబుల్స్ అనే చోట, ఆరుబయట జరిగిన పరీక్షలో 1,34,300 పౌండ్ల అభిబలాన్ని చూపి గిన్నిస్ రికార్డులకెక్కింది. ఇది దాదాపు 61 టన్నులకు సమానం. నిండుగా జనమెక్కిన బస్సు పదిహేను టన్నులుంటుందనుకొంటే, ఒక్క ఇంజిను నాలుగు బస్సులను నిలువునా పైకెత్తగలదు. దాని పంకా వ్యాసం 3.4 మీటర్లు, ఒక మనిషి మీద మరొక మనిషి నిలుచున్నంత ఎత్తు.

ఇంతటి బలాన్ని కొలిచేదెట్లా? ఇంజినును మోసే చట్రాన్ని సన్నని, వంగే గుణం గల ఉక్కు రేకుల ఆధారంతో వ్రేలాడదీస్తారు. ఇంజిను ముందుకు పోజూచినపుడు చట్రం వెంట్రుకవాసి జరిగి, ఎదురుగా ఉన్న బలమాపకాన్ని నొక్కుతుంది. ఆ నొక్కుడే అంకెగా మారి, మందపాటి గోడలకావల కూర్చున్న ఇంజనీర్ల ముందు కనబడుతుంది.

ధ్వని ఎక్కడిది?

ధ్వనితీవ్రతను డెసిబెల్లలో కొలుస్తారు. ఈ కొలమానంలో ఒక చిక్కున్నది: పది డెసిబెల్లు పెరిగితే తీవ్రత పది రెట్లు పెరిగినట్లు లెక్క. మామూలు సంభాషణ 60 డెసిబెల్లు. చెవికి నొప్పి పుట్టించే ధ్వని 120 ప్రాంతం. నడుస్తున్న పెద్ద జెట్ ఇంజిను సమీపంలో 140 వరకు ఉండవచ్చు. అరవైకి, నూటనలభైకి మధ్య భేదం ఎనభై డెసిబెల్లే. కాని తీవ్రతలో అది పది కోట్ల రెట్లు.

అయినా, ఇదంతా శక్తి లెక్కలో ఎంత? మనిషి మాట్లాడేటపుడు వెలువడే ధ్వనిశక్తి ఒక వాట్‌లో లక్షవ వంతు మాత్రమే. పాత తరపు టర్బోజెట్ ఇంజిను వెలువరించే ధ్వనిశక్తి పది కిలోవాట్ల ప్రాంతం. అంటే నూరు కోట్లమంది ఒక్కసారిగా మాట్లాడినంత! వినడానికి ఇది అద్భుతమే. కాని పది కిలోవాట్లంటే మన రైతుల పొలాలలో ఉండే అయిదు అశ్వశక్తుల నీటి మోటార్లు మూడింటికంటె తక్కువే. ఇంజిను వెలువరించే వాయువేగంలోని గతిజశక్తిలో అది నూటికి ఒక వంతు కూడా కాదు. మన చెవి అంత సూక్ష్మమైనది గనుకనే ఆ స్వల్పభాగం మనకు ప్రళయగర్జనలాగా వినిపిస్తుంది.

ఈ గర్జనకు మూలం ఇంజినులోపలి మంట అని చాలామంది అనుకొంటారు. నిజానికి అది ఎక్కువగా ఇంజిను వెనుకనే పుడుతుంది. అతివేగంగా దూసుకువచ్చిన వాయుధార, చుట్టూ నిశ్చలంగా ఉన్న గాలితో ఒరసుకొని సుడులు సుడులుగా చెదిరిపోతుంది. ఆ సుడుల సంక్షోభమే గర్జన. రెండవది పంకా కూత. ఇరవైరెండు రెక్కలున్న పంకా నిమిషానికి సుమారు 2,300 సార్లు తిరిగితే, సెకనుకు 840కి పైగా రెక్కలు ఒకే స్థానాన్ని దాటిపోతాయి. అదే పౌనఃపున్యంతో కూత వినబడుతుంది. రెక్కల కొసలు ధ్వనివేగాన్ని మించినపుడు రంపంతో కోస్తున్నట్టి కర్కశధ్వని కూడా దీనికి తోడవుతుంది.

లైట్‌హిల్ సూత్రం

1952 మే 2న కామెట్ విమానంతో ప్రపంచంలో జెట్ ప్రయాణికుల సర్వీసు ప్రారంభమైనది. అదే సంవత్సరం, మాంచెస్టర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు లైట్‌హిల్ ఒక గణితసిద్ధాంతాన్ని ప్రకటించాడు. వాయుధార పుట్టించే ధ్వనిశక్తి, ఆ ధార వేగపు ఎనిమిదవ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుందన్నదే దాని సారాంశం. వేగం రెట్టింపైతే ధ్వని రెండు రెట్లు కాదు, 256 రెట్లు పెరుగుతుంది.

ఇందులోనే పరిష్కారం కూడా దాగి ఉన్నది. అభిబలం గాలి ద్రవ్యరాశి, దాని వేగాల లబ్ధం. కొద్ది గాలిని మిక్కిలి వేగంతో నెట్టినా, ఎక్కువ గాలిని తక్కువ వేగంతో నెట్టినా బలం ఒక్కటే. వేగాన్ని సగం చేసి, గాలిని రెట్టింపు చేశామనుకోండి. అప్పుడు వాయుధార వైశాల్యం నాలుగు రెట్లు కావాలి. దానిని లెక్కలోకి తీసుకొన్నా ధ్వనిశక్తి 64వ వంతుకు, అంటే 18 డెసిబెల్ల మేరకు తగ్గుతుంది. అభిబలం మాత్రం ఇసుమంతైనా తగ్గదు. పైగా ఇంధనమూ ఆదా అవుతుంది. నేటి ఇంజిన్ల ముందు అంత పెద్ద పంకా ఉండడానికి, పీల్చిన గాలిలో అధికభాగం మంటలోకి పోకుండా ప్రక్కనుండి సాగిపోవడానికి కారణమిదే. ఇంజిను తొడుగు లోపలివైపు తేనెపట్టు గదులపై సన్నని రంధ్రాలున్న పలకలు అమర్చి పంకా కూతను కూడా చాలవరకు మ్రింగివేయిస్తారు.

ధ్వనిని ఆరుబయట పరీక్షించేటపుడు ఇంజిను చుట్టూ అర్ధవృత్తాకారంగా మైక్రోఫోన్లు నిలుపుతారు. ఇంజిను ముందు జాలీతో చేసిన పెద్ద గోళాన్ని ఉంచుతారు. నేలమీద పీల్చే గాలిలో ఆకాశంలో లేని సుడులుంటాయి. అవి పంకాకు తగిలి లేని ధ్వనిని కల్పిస్తాయి. ఆ గోళం వాటిని వడగడుతుంది. మూసిన భవనాలలోనైతే గాలి వచ్చేదారిలోను, పోయేదారిలోను ధ్వనిని పీల్చే ఏర్పాట్లు చేస్తారు. అటువంటి భవనాలలో మిక్కిలి పెద్దది 2021లో ఇంగ్లండులోని డార్బీలో రోల్స్‌రాయిస్ సంస్థ ప్రారంభించినది. దాని వైశాల్యం 7,500 చదరపు మీటర్లు. ఒక ఫుట్‌బాల్ మైదానం అందులో ఇముడుతుంది.

పరీక్ష తప్పితే?

పరీక్షలలో ఇంజిను బలంతోపాటు సహనాన్ని కూడా చూస్తారు. దానిలోకి కుండపోతగా నీరు పోస్తారు, మంచుగడ్డలు విసురుతారు, చచ్చిన పక్షులను ప్రయోగిస్తారు. పూర్తివేగంలో తిరుగుతున్న పంకా రెక్కనొకదానిని చిన్న పేలుడుతో కావాలనే తెగగొడతారు. తెగిన రెక్కను కవచం బయటికి పోనీయకుండా ఆపగలగాలి.

1970లో రోల్స్‌రాయిస్ వారి ఆర్‌బి-211 ఇంజినుకు కార్బన్ పోగులతో చేసిన తేలికైన రెక్కలు పక్షి పరీక్షకు నిలువలేకపోయాయి. మరల టిటానియం రెక్కలు తయారుచేయవలసివచ్చింది. అప్పటికే అంచనాలు దాటిన ఖర్చుతో క్రుంగి ఉన్న ఆ ప్రసిద్ధ సంస్థ 1971 ఫిబ్రవరిలో దివాలా తీసింది. బ్రిటిష్ ప్రభుత్వం దానిని తన చేతిలోకి తీసుకోవలసివచ్చింది. అయినా ఆ రెక్కలు విరిగినది నేలమీద. టిటానియం రెక్కలతో అదే ఇంజిను 1972లో ప్రయాణికులను మోయనారంభించింది. సంస్థ నష్టపోయినది ధనమే.

మనిషి చెవి

ఇంజినుకు ఉక్కు కవచముంది. దాని దగ్గర పనిచేసే మనిషికో? అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నిర్ణయం ప్రకారం 85 డెసిబెల్ల ధ్వనిలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండరాదు. ప్రతి 3 డెసిబెల్లకు ఆ కాలం సగమవుతుంది. 100 డెసిబెల్ల దగ్గర అది పదిహేను నిమిషాలు. 115 దగ్గర అరనిమిషం కూడా లేదు. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే సన్నని రోమకణాలు ఒకసారి నశిస్తే మనిషిలో మరల మొలవవు. అందుచేతనే నడిచే ఇంజిను వద్దకు పోయేవారు చెవులలో బిరడాలు, వాటిమీద తొడుగులు రెండూ ధరిస్తారు. పూర్తి బలంతో నడిచే ఇంజిను ముందుకు ఎవ్వరినీ పోనివ్వరు. నిబంధన మరచి ముందు నిలిచి, లోనికి లాగబడి మరణించినవారున్నారు. యంత్రాన్ని నిశ్శబ్దపరచే కృషి వినేవారి సుఖంకోసం మాత్రమే కాదు. ఈ పనివారి వినికిడికోసం, విమానాశ్రయాల చుట్టుప్రక్కల నివసించేవారి నిద్రకోసం కూడా.

మన దేశంలో

పరీక్షాస్థలం విలువ ఎంతటిదో మన దేశానికి అనుభవంలో తెలిసింది. బెంగుళూరులోని గాస్ టర్బైన్ పరిశోధన సంస్థ 1989లో చేపట్టిన కావేరి ఇంజినును, ఎత్తైన ఆకాశపు పరిస్థితులలో పరీక్షించే ఏర్పాట్లు మనవద్ద లేనందున రష్యాకు తీసుకొనిపోవలసివచ్చింది. 2010 నవంబరులో అక్కడనే ఒక పెద్ద విమానానికి అమర్చి ఆకాశంలో నడిపి చూశారు. ఇంజినును గీసి చూపగల మేధస్సు ఉంటే చాలదు. దానిని నిష్పక్షపాతంగా పరీక్షించే స్థలం కూడా స్వంతమై ఉండాలని ఈ అనుభవం చెప్పింది. ఇక, 2025 నవంబరు 26న మన హైదరాబాదు సమీపంలోని శంషాబాదులో సఫ్రాన్ సంస్థవారి లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైనది. భౌతికశాస్త్రమూ, సాంకేతికవిద్యా చదివే మన విద్యార్థులకు ఈ ఇంజిన్లు ఇక పుస్తకంలోని బొమ్మలు మాత్రమే కావు.

విటిల్ నాటి చిన్న ఇంజిను కీచుమంటే కర్మాగారంలోనివారు పరుగెత్తారు. నేటి ఇంజిను దానికంటె ఎన్నో రెట్లు బలమైనది. కాని ఇచ్చే ప్రతి టన్ను బలానికి అది చేసే చప్పుడు పాత జెట్ ఇంజిన్లకంటె ఎంతో తక్కువ. ఎక్కువ గాలిని తీసుకొని నెమ్మదిగా నెట్టడమే దాని రహస్యం. నిండుకుండ తొణకదని మన పెద్దలు ఊరకే అనలేదు.