తక్కెడ ఎవరి చేతిలో ఉంది?

చిన్న రైతుకు పంట తక్కువ, తొందర ఎక్కువ. ఎనిమిది బస్తాల కందుల కోసం లారీ మాట్లాడుకోలేడు. ధర వచ్చేదాకా దాచుకోవడానికి గోదాము లేదు. తేమ శాతం తేల్చి చెప్పే యంత్రం లేదు. అందుకే కల్లంలోనే, పెట్టుబడికి అప్పిచ్చిన వ్యాపారికే, అతడు చెప్పిన ధరకే అమ్ముకుంటాడు. ఇలాంటి వందల మంది పంటను ఒకచోటికి చేర్చి, శుభ్రం చేసి, నాణ్యతను బట్టి వేరు చేసి, ఒకే సరుకుగా పెద్ద కొనుగోలుదారుకు అమ్మితే బేరమాడే శక్తి రైతుకు వస్తుంది. పంట సమీకరణ కేంద్రాల వెనుక ఉన్న ఆలోచన ఇదే. ఆ ఆలోచనతో నాకు పేచీ లేదు. ఆ కేంద్రంలో తక్కెడ ఎవరి చేతిలో ఉంటుందన్నదే నా ప్రశ్న.

ఎఫ్‌పీఓలుగా పిలుస్తున్న రైతు ఉత్పత్తిదారుల సంఘాలను పది వేలు నెలకొల్పేందుకు కేంద్ర ప్రభుత్వం 2020 ఫిబ్రవరిలో రూ.6,865 కోట్ల అంచనా వ్యయంతో పథకం ప్రారంభించింది. మైదాన ప్రాంతాల్లో కనీసం 300 మంది, కొండ ప్రాంతాల్లో 100 మంది సభ్యులు ఉండాలన్నది నిబంధన. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో 86 శాతం చిన్న, సన్నకారు రైతులవే. సగటు కమతం 1.08 హెక్టార్లు కాగా, షెడ్యూల్డ్ కులాల రైతుల సగటు 0.78 హెక్టార్లు మాత్రమే. కమతం ఎంత చిన్నదైతే సమీకరణ అంత అవసరం. ఆ లెక్కన ఈ కేంద్రాలకు మొదటి హక్కుదారు దళిత రైతే కావాలి.

అయితే సమీకరణ అంటే కలపడం. కులం అంటే కలవనీయకపోవడం. ఈ రెండూ ఒకే ఊళ్లో ఎదురెదురుగా నిలిచినప్పుడు ఏం జరుగుతుందో చెప్పే సాక్ష్యం మన ముందే ఉంది. 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో అంటరానితనంపై జరిపిన సర్వే ఫలితాలు 2006లో పుస్తకంగా వచ్చాయి. మూడో వంతుకు మించిన గ్రామాల్లో దళితులు తమ ఉత్పత్తులను స్థానిక మార్కెట్లో అమ్ముకోకుండా అడ్డుకుంటున్నారని ఆ సర్వే తేల్చింది. పాల సహకార సంఘాలున్న గ్రామాల్లో దాదాపు సగం చోట్ల దళితుల పాలు సంఘానికి చేరకుండా ఆంక్షలున్నాయని నమోదు చేసింది. పాల సేకరణ ఈ దేశం ప్రపంచానికి చూపించుకునే సమీకరణ నమూనా. అందరి పాలూ ఒకే క్యానులో కలవాల్సిన చోటే కులం కాపలా కాసింది.

ధాన్యానికి, కందులకు అంటు లేదు కదా అని ఎవరైనా అనవచ్చు. అక్కడ వివక్ష వేరే రూపం తీసుకుంటుంది. సేకరణ కేంద్రంలో ప్రతిరోజూ నాలుగు నిర్ణయాలు జరుగుతాయి. ఎవరి రాశి ముందు కాటా వేయాలి? తరుగు ఎంత తీయాలి? గన్నీ సంచులు ముందుగా ఎవరికి ఇవ్వాలి? డబ్బు ఎవరి ఖాతాలో ఎప్పుడు పడాలి? మబ్బు పట్టిన రోజున మొదటి ప్రశ్న ఒక్కటే చాలు, ఒక కుటుంబం ఏడాది కష్టం తడిసిపోవడానికి. ఈ నిర్ణయాలు తీసుకునే వ్యక్తి, కౌలుకు భూమి ఇచ్చిన ఆసామి, అప్పిచ్చిన వ్యాపారి ఒకే సామాజిక వర్గం వారో, బంధువులో అయినప్పుడు దళిత రైతు నోరు విప్పలేడు. రేపటి కౌలు, కూలి, అప్పు అన్నీ అక్కడి నుంచే రావాలి. 1991లో చుండూరు మారణకాండకు ముందు దళితులపై సాంఘిక బహిష్కరణ అమలైంది. పని ఇచ్చే చెయ్యి, కొనే చెయ్యి ఒకటే అయిన చోట బహిష్కరణ ఎంత సులువో మన నేలకు తెలుసు.

చట్టం ఈ అసమానతను సరిదిద్దుతుందా? 2012లో అమల్లోకి వచ్చిన 97వ రాజ్యాంగ సవరణ, సహకార సంఘాల పాలకవర్గాల్లో ఎస్సీ లేదా ఎస్టీకి ఒక స్థానం, మహిళలకు రెండు స్థానాలు ప్రత్యేకించింది. రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో 2021లో సుప్రీంకోర్టు, ఆ భాగం రాష్ట్రాల పరిధిలోని సహకార సంఘాలకు వర్తించదని తీర్పు చెప్పింది. ఇక ఎఫ్‌పీఓలలో అత్యధికం సహకార సంఘాలుగా కాక, 2002 సవరణతో కంపెనీల చట్టంలో చేరిన ఉత్పత్తిదారుల కంపెనీలుగా నమోదవుతున్నాయి. వాటిలో ఐదు నుంచి పదిహేను మంది డైరెక్టర్లు ఉంటారు. వారిలో ఒక్క స్థానమైనా దళితులకో, ఆదివాసీలకో దక్కాలన్న నియమం ఆ చట్టంలో లేదు. చేర్చుకోవడంలో ఎస్సీ, ఎస్టీ రైతులపై ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని పథకం మార్గదర్శకాలు చెబుతాయి. శ్రద్ధ వేరు, హక్కు వేరు. సహకార సంఘం నుంచి కంపెనీకి మారే దారిలో సామాజిక న్యాయం చడీచప్పుడు లేకుండా జారిపోయింది.

రైతు ఎవరన్నది మరో చిక్కు. ఉత్పత్తిదారుల కంపెనీ చట్టం ప్రకారం ప్రాథమిక ఉత్పత్తికి సంబంధించిన పని చేసే ఎవరైనా ఉత్పత్తిదారే. భూమి యాజమాన్యం షరతు కాదు. ఆచరణలో మాత్రం చాలా చోట్ల ముందుగా అడిగేది పట్టాదారు పాస్ పుస్తకమే. 2018–19 జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని సాగు కమతాల్లో 42 శాతానికి పైగా కౌలువేనని తేలింది. అదే రాష్ట్రం 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం, కౌలు కార్డుకు భూయజమాని సమ్మతిని షరతుగా పెట్టింది. యజమాని సంతకం పెట్టకపోతే పంట పండించినవాడు కాగితం మీద రైతు కాడు. వాటా ధనం సంగతీ ఇంతే. సభ్యుడు పెట్టిన వాటాకు సమానంగా, రూ.2,000 పరిమితికి లోబడి, ప్రభుత్వం గ్రాంటు కలుపుతుంది. ఐదు వందలే పెట్టగలిగినవాడికి ఐదు వందలే కలుస్తుంది.

మరో దారి లేదా అంటే, జహీరాబాద్ ప్రాంతంలో ఉంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో సంఘాలు కట్టుకున్నవారిలో అత్యధికులు దళిత మహిళలు. 1990ల మధ్యలో వారు బీడుపడిన చెలకలను సాగులోకి తెచ్చేందుకు రైతులకు అప్పులిచ్చారు. బాకీని జొన్నల రూపంలో తిరిగి తీసుకొని, ఊళ్లోనే నిల్వ చేశారు. ఎవరు పేదవారో గ్రామస్థుల సమక్షంలోనే తేల్చి, కరువు నెలల్లో తక్కువ ధరకు పంచారు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం దక్కింది. పురస్కారం కన్నా నాకు ముఖ్యమనిపించేది వేరే సంగతి. ఊరి గింజలకు లెక్క చెప్పే అధికారం, తరతరాలుగా ఆ గింజల కోసం ఆసాముల వాకిట నిలబడిన స్త్రీల చేతికి వచ్చింది.

వ్యాపార సంస్థల్లో రిజర్వేషన్లు పెడితే సామర్థ్యం దెబ్బతింటుందన్న వాదన ఎప్పుడూ ఉన్నదే. సమీకరణ కేంద్రం బతికేది సరుకు పరిమాణం మీద. తూకం మీద నమ్మకం లేని రైతు తన బస్తాను మళ్లీ దళారికే వేస్తాడు, లారీ నిండదు, కేంద్రం మూతపడుతుంది. వివక్ష ఇక్కడ అన్యాయమే కాదు, నష్టం కూడా.

అందుకే ఈ డిమాండ్లు. ప్రజాధనం అందుకునే ప్రతి ఉత్పత్తిదారుల సంఘం పాలకవర్గంలో దళిత, ఆదివాసీ సభ్యుల దామాషా మేరకు స్థానాలుండాలి. యజమాని సంతకంతో పని లేకుండా, సాగును బట్టే సభ్యత్వం ఇవ్వాలి. పేద సభ్యుల వాటాను ప్రభుత్వమే చెల్లించాలి. కాటా, తరుగు, చెల్లింపు తేదీల వివరాలు సామాజిక వర్గాల వారీగా ఏటా గ్రామసభ ముందుంచాలి. కేంద్రాన్ని ఎవరి ఇంటి ముంగిట్లోనో కాక, అందరూ సంకోచం లేకుండా వచ్చే ఉమ్మడి స్థలంలో పెట్టాలి.

అంబేడ్కర్ 1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో వ్యవసాయాన్ని ప్రభుత్వ పరిశ్రమగా నడపాలని, కులమతాల తేడా లేకుండా భూమిని సాగుకు ఇవ్వాలని ప్రతిపాదించారు. భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలి అన్న విభజనే ఉండకూడదని కోరారు. ఆ ప్రతిపాదనను పక్కన పెట్టిన దేశం, 2016లో జాతీయ వ్యవసాయ మార్కెట్ ‘ఈ–నామ్’ను ప్రారంభించడానికి మాత్రం ఆయన జయంతి రోజునే ఎంచుకుంది. తేదీని గౌరవించడం సులువు. ఆయన అడిగిన భూమిని పంచలేని ప్రభుత్వాలు, కనీసం ఆ భూమి మీది పంటను తూచే తక్కెడనైనా పంచి చూపాలి.