51 పూసలు... ఎన్నెన్ని రికార్డులో!

మన 11వ క్రోమోజోము పొట్టి చేతి కొసకు దగ్గరగా ఒక చిన్న జన్యువు ఉంది. పొడవు దాదాపు 1,430 అక్షరాలు. మనిషి డీఎన్‌ఏలో ఉన్న 300 కోట్ల పైచిలుకు అక్షరాల ముందు ఇదెంత! కానీ జీవశాస్త్రంలో ‘మొట్టమొదటి’ అన్న మాట ఇన్నిసార్లు దక్కించుకున్నది మరొకటి లేదనే నా నమ్మకం. అది తయారుచేయించే ప్రొటీనే ఇన్సులిన్. క్లోమంలోని బీటా కణాల్లో పుట్టి రక్తంలో కలుస్తుంది. చక్కెర వచ్చింది, లోపలికి తీసుకోండని కండరాలకూ కొవ్వు కణాలకూ కబురు చేరుస్తుంది. రక్తంలోకి వచ్చిన దాంట్లో సగం అయిదారు నిమిషాల్లోనే కనుమరుగైపోతుంది.

కణం మొదట 110 అమైనో ఆమ్లాల దండ గుచ్చుతుంది. మొదటి 24 పూసలు తెగిపోతే 86 మిగులుతాయి. నడుమ ముక్క కూడా ఊడిపోయాక ఒకటి 21, మరొకటి 30 పూసలతో రెండు పేటలు మిగులుతాయి. వాటిని గంధకపు ముడులు కలిపి ఉంచుతాయి. ఊడిన నడుమ ముక్క పేరు సి-పెప్టైడ్. సూదితో వేసుకునే ఇన్సులిన్‌లో అది ఉండదు. అందుకే రక్తంలో దాన్ని కొలిచి, రోగి క్లోమం సొంతంగా ఎంత ఇన్సులిన్ చేస్తోందో డాక్టర్లు చెప్పగలుగుతున్నారు.

అమైనో ఆమ్లాల వరుసను మనిషి మొదటినుంచి చివరిదాకా చదివిన తొలి ప్రొటీన్ ఇదే. 1940లలో ప్రొటీన్లకు కచ్చితమైన వరుస ఒకటుంటుందన్న నమ్మకమే చాలామందికి లేదు. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ శాంగర్ ఆవు ఇన్సులిన్ తీసుకుని, పేట కొసన ఉన్న అమైనో ఆమ్లాన్ని మాత్రమే పట్టుకునే రసాయనం కలిపారు. తర్వాత ఆమ్లంతో పేటను ముక్కలు చేస్తే, కొసది పసుపు రంగుతో బయటపడేది. ముక్కల్ని కాగితం మీద మరకలుగా విడదీసి, ఏది దేని పక్కన ఉండాలో తేలుస్తూ ఏళ్ల తరబడి కూర్చున్నారు. 1951లో పెద్ద పేట, 1953లో చిన్న పేట, 1955లో గంధకపు ముడులు తేలాయి. 1958లో నోబెల్ వచ్చింది. 1980లో డీఎన్‌ఏ వరుసలు చదివే పద్ధతికి ఆయనే రెండో నోబెల్ అందుకున్నారు.

వరుస తెలిశాక దాన్ని రసాయన పద్ధతిలో కట్టే పోటీ మొదలైంది. అమెరికా, జర్మనీ బృందాలూ రంగంలో ఉండగా, షాంఘై, బీజింగ్ శాస్త్రవేత్తలు 1965 సెప్టెంబరులో స్ఫటికాలు కట్టే ఆవు ఇన్సులిన్‌ను పూర్తిగా ప్రయోగశాలలోనే తయారుచేశారు.

ఓపికలో రికార్డు మాత్రం డొరొతీ హాడ్జ్‌కిన్‌దే. 1930లలో ఇన్సులిన్ స్ఫటికం మీదికి ఎక్స్-కిరణాలు పంపి తొలి ఫొటో తీసినప్పుడు ఆమెకు పాతికేళ్లయినా నిండలేదు. దాని ఆకారం బయటపడింది 1969లో! ఈ మధ్యలో పెన్సిలిన్, బి12 విటమిన్ ఆకారాలు తేల్చి 1964లో నోబెల్ కూడా అందుకున్నారు. 1969 నాటి ఆ పరిశోధన పత్రం రచయితల్లో మన దేశస్థుడు ఎం. విజయన్ ఉన్నారు. తర్వాత ఆయన బెంగళూరు ఐఐఎస్సీలో ప్రొటీన్ స్ఫటికాల పరిశోధనను ఒక తరానికి నేర్పారు.

రక్తంలో అణుమాత్రంగా ఉండే హార్మోన్లను కొలిచే రేడియో ఇమ్యునోఅస్సే పద్ధతి కూడా ఇన్సులిన్‌తోనే మొదలైంది. ఇన్సులిన్ ఎక్కించుకున్నవారి ఒంట్లో దానికి ప్రతిరక్షకాలు తయారవుతాయని, ఆ పద్ధతిని కనిపెట్టిన రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రాస్తే 1955లో ఒక పత్రిక తిప్పిపంపింది. 1977లో యాలో నోబెల్ ఉపన్యాసంలో ఆ తిరస్కరణ ఉత్తరాన్నే చూపించారు. బెర్సన్ 1972లోనే పోయారు. ఆ గౌరవం ఆయనకూ అందాల్సింది.

ఇన్ని రికార్డుల వెనుక ఉన్నది రోగుల అవసరం. మందు కావాలి కాబట్టే శుద్ధమైన ఇన్సులిన్ టన్నుల కొద్దీ క్లోమాల నుంచి తయారైంది, అది శాస్త్రవేత్తల చేతికీ అందింది. 1922 జనవరి 11న టొరంటోలో 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు తొలి సూది వేసేనాటికి ఆ పిల్లవాడి బరువు 30 కిలోలు కూడా లేదు. ఆ ద్రవం శుద్ధంగా లేక సూది గుచ్చినచోట గడ్డ లేచింది. జేమ్స్ కొలిప్ దాన్ని రాత్రింబవళ్లు శుద్ధిచేశాక 23న మళ్లీ వేస్తే చక్కెర దిగింది. ఆ అబ్బాయి మరో 13 ఏళ్లు బతికాడు. ఇన్సులిన్‌ను కనిపెట్టినందుకు 1923లో ఫ్రెడరిక్ బాంటింగ్ 32వ ఏట నోబెల్ అందుకున్నారు. వైద్యశాస్త్రంలో అంత చిన్న వయసులో ఆ బహుమతి పొందినవారు ఈనాటికీ లేరు. ఇన్సులిన్ పేటెంటు హక్కుల్ని ఆయనా, సహచరులూ టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలరుకే రాసిచ్చేశారు. బాంటింగ్ పుట్టినరోజు నవంబరు 14నే ప్రపంచ మధుమేహ దినం. మనం బాలల దినోత్సవం చేసుకునే రోజు కూడా అదే. చిన్నప్పుడే వచ్చే షుగరుతో రోజూ సూది గుచ్చుకునే పిల్లల్ని ఆ రోజైనా తలచుకోవాలి.

వీళ్లందరికంటే నన్ను కదిలించే మనిషి ఈవా సాక్స్‌ల్. నాజీల బారి నుంచి తప్పించుకుని భర్తతో షాంఘై చేరిన ఆమెకు అక్కడే షుగరు బయటపడింది. జపాన్ ఆక్రమణలో మందు దొరకలేదు. వైద్య పాఠ్యపుస్తకం ఒకటి ముందు పెట్టుకుని, గేదెల క్లోమాల నుంచి భార్యాభర్తలు స్వయంగా ఇన్సులిన్ తీశారు. గోధుమరంగు మందు. ముందు కుందేళ్ల మీద, తర్వాత తనమీద. ఆమె బతికింది. వందలమందిని బతికించింది.

పంది ఇన్సులిన్‌కూ మనదానికీ తేడా ఒక్క పూసే. ఆవుకు మూడు. అందుకే దశాబ్దాల పాటు కబేళాలే ఆధారం. 1978లో బాక్టీరియాలో మానవ ఇన్సులిన్ తయారుచేశారు. 1982లో అమెరికాలో అనుమతి పొందిన హ్యూములిన్, జన్యువుల కూర్పుతో పుట్టిన మందుల్లో మొదటిది.

సముద్రంలోనైతే ఇది ఆయుధం. కోనస్ జియోగ్రాఫస్ అనే శంఖపు నత్త చేపల ఇన్సులిన్‌ను పోలిన ప్రొటీన్‌ను నీళ్లలోకి వదులుతుంది. చక్కెర పడిపోయి చేప మందగిస్తుంది, నత్త నోట పడుతుంది. 43 అమైనో ఆమ్లాలతో, ప్రకృతిలో ఇంతవరకు తెలిసిన అతిచిన్న ఇన్సులిన్ అది.

ఇక సిరంజి మీది ‘యూనిట్’. దాన్ని మొదట్లో పస్తుంచిన 2 కిలోల కుందేలు రక్తంలో చక్కెర ఎంత పడిపోతుందన్న లెక్కతో నిర్ణయించారు. మన మందుల షాపుల్లో సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవీ ఉంటాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూతది. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో అదే గీతదాకా తీస్తే రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది. ఇంట్లో ఎవరికైనా ఇన్సులిన్ మొదలైతే, సీసా మీది అంకె చూసి సిరంజి కొనండి.